నేను కలిపిన పిల్లనగ్రోవి

2023 చలికాలం నాటి సంగతి. కువైట్‌లోని ఖైతాన్‌లో ఒక పాత బిల్డింగు కింది అంతస్తులో ఉన్న రికార్డింగు స్టూడియోలో నేను సౌండ్ ఇంజినీరుని. అప్పటికి ఆ ఉద్యోగంలో చేరి పంతొమ్మిదేళ్ళు. పేరు మస్తాన్, ఊరు రాయచోటి. స్టూడియో అనగానే పెద్దగా ఊహించుకోకండి. రెండు గదులు, మధ్యలో మందపాటి అద్దం. ఒక గదిలో మైకులు, రెండో గదిలో కంప్యూటరూ నేనూ. పై అంతస్తులో దర్జీ దుకాణం ఉండేది. వాళ్ళు భోజనానికి లేచి కుట్టుమిషన్లు ఆగినప్పుడే నా మంచి రికార్డింగులన్నీ జరిగేవి.

మాకు వచ్చే పని ఎక్కువగా ప్రకటనలు. హోటళ్ళు, సెలూన్లు, కార్గో కంపెనీలు. వీటికి ప్రతిసారీ వాద్యకారులను పిలవలేం కాబట్టి ప్రీసెట్లు వాడతాం. ప్రీసెట్ అంటే ఎవరో ముందే వాయించి, సర్ది, కంప్యూటరులో పెట్టిన ధ్వనుల కట్ట. బటన్ నొక్కితే మోగుతుంది. నేను వాటిని దేశాలవారీగా ఫోల్డర్లలో పెట్టుకున్నాను. లెబనాన్ హోటలు అంటే ఊద్, ఫిలిప్పీన్స్ అంటే గిటారు, ఇండియా అంటే సితారు, తంబురా, పిల్లనగ్రోవి. రాయచోటిలో నేను పుట్టి పెరిగిన ఇరవై రెండేళ్ళలో సితారును కళ్ళతో చూడలేదు. ఆ సంగతి ఏ కస్టమరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఆ డిసెంబరు చివర్లో నిత్య వచ్చింది. ముప్పై రెండేళ్ళ మనిషి. పుట్టిందీ చదివిందీ మెల్‌బోర్న్‌లో. అమ్మానాన్నలది రాజంపేట దగ్గర పల్లె. వృత్తి కంపోజరు. మన సినిమా సంగీత దర్శకుల పని వేరు, ఈమె పని వేరు. వయొలిన్లు, చెల్లోలు, బాకాలు పట్టుకుని కూర్చున్న అరవై మందిలో ఎవరు ఏ క్షణాన ఏం వాయించాలో ఈమె కాగితం మీద రాసిస్తుంది, వాళ్ళు చూసి వాయిస్తారు. తెలుగు చదవడం రాదు. మాట్లాడితే మాత్రం మా జిల్లా పల్లెల్లో ముసలమ్మలు మాట్లాడినట్టు ఉండేది. వాళ్ళమ్మ నలభై ఏళ్ళ కిందట మూటగట్టుకుని పోయిన తెలుగు అది.

"ఒక కమిషన్ ఉండాది అంకుల్," అంది మొదటిరోజు. కమిషన్ అంటే వాళ్ళ వృత్తిలో ఒక కొత్త రచన చేసి ఇమ్మని సభవాళ్ళు ముందే అప్పగించడం. మెల్‌బోర్న్‌లో ఒక సంగీతోత్సవం కమిటీ ఈమెకు అప్పగించింది. పెద్ద హాలు, పూర్తి ఆర్కెస్ట్రా. ఆమె ఒక చిత్తుప్రతి పంపింది. "పనితనం బాగుంది. కానీ దీన్ని ఎవరైనా రాయగలరు. ఇందులో మీ సంస్కృతి వినిపించడం లేదు," అని తిప్పి పంపారు. జనవరి ఆఖరులోగా కొత్త నమూనా వినిపించకపోతే ఆ అవకాశం వేరేవాళ్ళకు పోతుంది.

"నీ సంస్కృతి ఏదో వాళ్ళకెట్ల తెలుసమ్మా?" అన్నాను.

"నాకే తెలీదు. వాళ్ళకు మాత్రం బాగా తెలుసు," అని నవ్వింది. ఆమెకు ఒక స్నేహితురాలు ఉందట, చైనా వాళ్ళ మనవరాలు, ఆమె కూడా కంపోజరే. "ఫిబ్రవరిలో వాళ్ళ కొత్త సంవత్సరానికి దానికి ఫోన్లొస్తాయి, చైనా గుడిగంటలు పెట్టి ఏమన్నా రాయమని. దీపావళికి నాకొస్తాయి. మిగతా పది నెలలు మేమిద్దరం పిల్లోళ్ళకు పియానో నేర్పిచ్చుకుంటాం."

కువైటే ఎందుకంటే, వాళ్ళ నాన్న వాట్సాప్‌లో పంపిన ఒక వీడియో. కువైట్ ఊరి చివర అమ్ఘరాలో ఇనుప తుక్కు యార్డుల మధ్య ఖాళీ స్థలంలో పద్నాలుగు మంది మనవాళ్ళు చెక్కభజన వేస్తున్నారు. చెక్కభజన తెలియని వారి కోసం చెబుతున్నాను. చేతికి ఒక జత చెక్కలు, వాటిలో చిన్న ఇత్తడి బిళ్ళలు, కాళ్ళకు గజ్జెలు. గుండ్రంగా తిరుగుతూ గురువు పాట అందిస్తే జట్టు అందుకుంటుంది. చుట్టు చుట్టుకూ వేగం పెరుగుతుంది. మా కడప, అన్నమయ్య జిల్లాల్లో ఊరికొక జట్టు ఉంటుంది.

"ఇండియాకు పోతే అందరూ నాకు నేర్పిస్తారు, నువ్వు ఇట్లుండాల, అట్లుండాల అని. వీళ్ళు కూడా నా మాదిరే బయట ఉండారు. బయట ఉండి ఎట్ల వేస్తాండారో చూడాలనుకున్యా," అంది నిత్య.

జట్టు గురువు పెంచలయ్య. యాభై దాటిన మనిషి, జహ్రాలో ఒక కువైటీ ఇంట్లో డ్రైవరు. శుక్రవారం మధ్యాహ్నం నుంచే సెలవు. నేను ఫోన్ చేసి పిలిస్తే జట్టులో ఆరుగురిని వెంటబెట్టుకుని స్టూడియోకు వచ్చాడు. అందరి చెవులకూ హెడ్‌ఫోన్లు పెట్టి క్లిక్ ట్రాక్ వదిలాను. క్లిక్ ట్రాక్ అంటే లయ తప్పకుండా కంప్యూటరు చెవిలో కొట్టే టక్కుటక్కు. పాట ఎత్తుకున్న అర నిమిషానికి పెంచలయ్య చెయ్యెత్తి ఆపాడు.

"ఈ టక్కుటక్కు కొడతాండేది ఎవురు మస్తాన్ బాయ్?"

"మిషనన్నా."

"మేము ముందుకు పోతాండామని దానికి చెప్పు సామీ."

చెప్పడానికి వీల్లేదని, మీరే దానితో పాటు నడవాలని అన్నాను. ఇంకో నాలుగుసార్లు చూశారు. కార్పెట్ మీద గజ్జెలు మోగవు, మైకు ముందు నుంచి కదలకూడదు, వేగం పెంచకూడదు. ఏడుగురూ పాఠం అప్పచెప్పే పిల్లల్లా బిగుసుకుపోయారు. చివరికి పెంచలయ్య హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, "ఖలాస్. ఇది మాకు కుదిరే పని గాదు. అమ్ఘరాకు రాండి," అన్నాడు.

మరుసటి శుక్రవారం పోయాం. సిమెంటు ఇటుకల దొంతరల వెనక, గట్టి నేల మీద పద్నాలుగు మందీ నిలబడ్డారు. నేను నాలుగు మైకులు నిలబెట్టి, గాలికి గుడ్డలు చుట్టి, పక్కకు తప్పుకున్నాను. నలభై నిమిషాలు వేశారు. చివరి చుట్టులో ఆ వేగానికి కాళ్ళు కనపడలేదు. నాకు చాలా రోజుల తర్వాత ఒళ్ళు జలదరించింది. నిత్య ఒక పుస్తకంలో ఏవో గీతలు గీసుకుంటూ నేల మీదే కూర్చుంది.

అయిపోయాక ఆమె పెంచలయ్య దగ్గరకు వెళ్ళి, "గురువా, ఈ పాట నేను వాడుకోవచ్చా?" అని అడిగింది.

ఆయన చెక్కలను కళ్ళకద్దుకుని సంచిలో పెడుతూ, "రికార్డు చేసుకున్యారు గదా, ఇనుకో ఎంతసేపైనా. ఎత్తుకోవాలంటే మాత్రం అడుగులు నేర్చుకోవాల. మొదట అడుగులు, తర్వాత చెక్కలు, తర్వాతే పాట. నాకు మా గురువు అట్లే ఇచ్చినాడు, నేనూ అట్లే ఇస్తా," అన్నాడు.

జట్టులో ఒకరిద్దరు ఆడపిల్ల ఏంది, ఆడేది ఏంది అని గొణిగారు. ఊర్లో ఇప్పుడు ఆడపిల్లోళ్ళే మనకంటే బాగా వేస్తాండారు, నోరు మూసుకోండని పెంచలయ్య కసిరాడు. ఆ రోజే ఆమెకు మొదటి నాలుగు అడుగులు చూపించాడు. దిగిన చుట్టాలింటి డాబా మీద ఆమె వారమంతా అవే వేసిందట. కింది ఫ్లాటు ఈజిప్టువాళ్ళు వచ్చి, ఇంట్లో ఏమైనా బద్దలు కొడుతున్నారా అని అడిగి పోయారని చెప్పింది.

ఇక నేను చేసిన పని. కమిటీవాళ్ళు నమూనా ఆదివారం సాయంత్రంలోగా కావాలన్నారు. నిత్య ఫోన్ చేసి, "అమ్ఘరా రికార్డింగు ఉన్నదున్నట్టు ఫోల్డరులో పెట్టండంకుల్. ఏమీ చేయొద్దు. దాని మీద నేనేం రాస్తానో వాళ్ళకు కాగితం మీద పంపిస్తాండా," అంది. ఆ ఫోల్డరు ఇంటర్నెట్‌లో ఉంటుంది, కమిటీవాళ్ళు కూడా తెరవగలరు.

నేను ఉన్నదున్నట్టు పెట్టాను. పెట్టి ఊరుకోలేదు. గాలి హోరు, దూరంగా వెనక్కి పోయే లారీ కూత, గజ్జెల గోల. ఇది విదేశాల్లో పెద్ద మనుషులు వినే సరుకేనా అనిపించింది. పిల్ల అవకాశం పోగొట్టుకుంటుందని నిజంగానే బాధపడ్డాను. రెండు గంటలు కూర్చుని లారీని తీసేశాను, గజ్జెలు తగ్గించాను, చెక్కలన్నీ ఒక్క దెబ్బలా పడేటట్టు సర్దాను. కింద తంబురా పరిచాను. పైన ఇండియా ఫోల్డరులోంచి పిల్లనగ్రోవి కలిపాను. నాలుగు నిమిషాలకు కుదించి, నా అలవాటు ప్రకారం దాని పేరు చివర 'ఫైనల్' అని పెట్టి, అదే ఫోల్డరులో వేశాను. ఆమె చూసుకుంటుంది, నచ్చకపోతే తీసేస్తుంది అనుకున్నాను. చెప్పడం మాత్రం మరిచిపోయాను.

ఫైనల్ అని రాసి ఉంటే ఎవరైనా దాన్నే తెరుస్తారు. కమిటీవాళ్ళూ దాన్నే తెరిచారు.

మూడు రోజులకు నిత్య ల్యాప్‌టాప్ పట్టుకుని స్టూడియోకు వచ్చింది. తెరమీద కమిటీ రాసిన ఉత్తరం ఉంది. నాకు అనువదించి చదివింది. 'ఇన్నాళ్ళకు మీ అసలు గొంతు విన్నాం. ముఖ్యంగా ఆ పిల్లనగ్రోవి మమ్మల్ని కదిలించింది. మీ రచనను ప్రారంభ కచేరీలో పెడుతున్నాం.'

"ఈ పిల్లనగ్రోవి ఎవరిది అంకుల్?"

చెప్పాను. ఒక జర్మనీ కంపెనీ అమ్మే ధ్వనుల లైబ్రరీలోది, వాయించినవాడి పేరు కూడా నాకు తెలియదన్నాను. ఆమె అరవలేదు. కుర్చీలో కూర్చుని ఆ నాలుగు నిమిషాలూ రెండుసార్లు వింది.

"నేను పదేండ్లుగా రాస్తాండా. ఎప్పుడూ ఇంత మంచి ఉత్తరం రాల్యా," అంది.

నాకు సిగ్గేసింది. దాంతోపాటు కోపం కూడా వచ్చింది, దాచడం ఎందుకు. వాళ్ళకు నచ్చింది కదా, పెద్ద హాలు ఇస్తున్నారు కదా, ఇంకేం కావాలి ఈ పిల్లకు అనుకున్నాను. ఆ మాటే మెత్తగా అన్నాను కూడా. "ఉండనీ తల్లీ. ఆ వేణువును అక్కడ నిజం మనిషితో వాయించుకో. ఎవరికీ తెలీదు."

"అదే ఆలోచిస్తాండా," అంది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆ హాలులో ఆమె వయసు కంపోజరు పని పెట్టడం అరుదట. ఇప్పుడు కాదంటే మళ్ళీ పిలుస్తారన్న నమ్మకం లేదు. జవాబివ్వడానికి వారం గడువుంది. తప్పు నాదని నేనే కమిటీకి రాస్తానన్నాను. వద్దంది.

ఆ శుక్రవారం అమ్ఘరాలో అడుగులు అయిపోయాక, పెంచలయ్యకు ఫోన్‌లో ఆ ఫైలు వినిపించింది. జట్టంతా చుట్టూ మూగింది. నేను కాస్త దూరంగా, మైకు కర్రలేవో సర్దుతున్నట్టు నిలబడ్డాను. పెంచలయ్య కళ్ళు మూసుకుని మొత్తం విన్నాడు.

"బాగుండాది పాపా, సినిమాలో మాదిరి. ఆ పిల్లనగ్రోవి వాయించినోడు ఎవురు? మన జట్టులో అట్టాంటోడు ల్యాడే."

"కంప్యూటర్ గురువా."

"అట్లనా." ఆయన ఫోన్ వెనక్కి ఇచ్చాడు. "మేము ఉండామా అంటే, దూరంగా, గోడకు అవతల ఉన్నట్టు ఉండాము. సరే, మా సంగతి ఇడిసిపెట్టు. ఇందులో నువ్వు యాడుండావు?"

ఆయన ఎత్తిపొడవాలని అడగలేదు. మామూలుగా, ఇంట్లో ఎవరెవరున్నారని అడిగినట్టు అడిగాడు. నిత్య ఫోన్ ఆపి సంచిలో పడేసింది. తర్వాత, "యాడా ల్యా," అంది. "నేను ఇందులో యాడా ల్యా గురువా."

"మరి నీ పేరు ఎట్ల పెడతావు?"

నేను మైకు కర్ర మర బిగిస్తూనే ఉన్నాను, అది ఎప్పుడో బిగుసుకుపోయినా.

మరునాడు ఆమె స్టూడియోలో నా పక్కనే కూర్చుని కమిటీకి ఉత్తరం రాసింది. మీరు మెచ్చిన పిల్లనగ్రోవి ఒక ప్రీసెట్ అని, దాన్ని హోటలు ప్రకటనలు చేసే అనుభవజ్ఞుడైన ఇంజినీరు నా మేలు కోరి కలిపాడని, మీరు విన్న గొంతు నాది కాదని రాసింది. నాకు ఈ పాట ఇంకా రాదు, అడుగులు మాత్రం వస్తున్నాయి, అంతవరకే రాస్తాను అని కూడా రాసింది. పంపే బటన్ మీద వేలు పెట్టి ఒక నిమిషం ఆగింది. ఆపమందామని నాకు నోటి దాకా వచ్చింది. ఆగిపోయాను. పంపేసింది.

వీసా గడువు ముగిసేదాకా మిగిలిన రోజులన్నీ మా స్టూడియోలో పాత కీబోర్డు ముందు కూర్చుని రాసింది. పైన కుట్టుమిషన్లు నడుస్తున్నా పట్టించుకునేది కాదు. మధ్యమధ్యలో లేచి నాలుగడుగులు వేసి, మళ్ళీ కూర్చుని రాసేది. ఒకసారి నన్ను పిలిచి చప్పట్లు కొట్టమని, దానికి ఎదురుగా తను అడుగులు వేసి చూసుకుంది. నేను లయ తప్పాను. "పర్వాల్యా, అది కూడా రాసుకుంటా," అంది.

కమిటీ జవాబు ఆమె మెల్‌బోర్న్ చేరాక వచ్చింది. చాలా మర్యాదగా ఉందట. ప్రారంభ కచేరీ జాబితా ఖరారైపోయింది కాబట్టి ఆమె రచనను చిన్న హాలులో, ఒక మధ్యాహ్నం, ఆర్కెస్ట్రా బదులు నలుగురు వాద్యకారులతో పెడతామన్నారు. ఆమె ఒప్పుకుంది. ఫోన్‌లో చెబుతూ ఏడ్చింది. ఏడుపులోనే, అరవై మందికి రాసింది నలుగురికి మార్చడం ఎంత కష్టమో వివరించడం మొదలుపెట్టింది. అప్పుడు నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

కొన్ని నెలలకు కచేరీ రికార్డింగు పంపింది. ఒక శుక్రవారం జట్టును స్టూడియోకు పిలిచాను. పద్నాలుగు మందీ గదిలో పట్టలేదు, కొందరు గుమ్మంలో నిలబడ్డారు. పెట్టాను. రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో. అమ్ఘరా రికార్డింగు ఎక్కడా లేదు. పాట లేదు, గజ్జెలు లేవు. వాద్యకారులు విల్లు తిప్పి, దాని కర్ర వైపుతో తీగల మీద కొడుతున్నారు. పొడిగా, చెక్క మీద చెక్క తగిలినట్టు. మొదట్లో నెమ్మదిగా ఉంది.

"మన పాట యాడబ్బా?" అన్నారు గుమ్మంలో ఎవరో. గదిలో కొంత నిరాశ కనపడింది. తమ గొంతులు ఆస్ట్రేలియాలో మోగుతాయని ఇంటికి ఫోన్లు చేసి చెప్పుకున్నవాళ్ళు ఉన్నారు.

పెంచలయ్య ఊరుకోమని చెయ్యి చూపించాడు. మూడో నిమిషంలో వేగం పెరిగింది. ఐదో నిమిషానికి ఆయన లేచి నిలబడ్డాడు. చెప్పులు విడిచాడు. నా కార్పెట్ మీద, చేతుల్లో ఏమీ లేకుండా, అడుగు వేయడం మొదలుపెట్టాడు. ఒకచోట వయొలిన్లు చటుక్కున అర దెబ్బ వెనక్కి తగ్గాయి. మామూలు జట్టయితే అక్కడ కాలు తడబడుతుంది. పెంచలయ్య కాలు గాలిలోనే ఆగి, వాళ్ళతో పాటే దిగింది. చివరిదాకా ఎక్కడా తప్పలేదు.

అయిపోయాక ఆయాసపడుతూ కూర్చున్నాడు. "పాట మాది. దాన్ని ముట్టుకోల్యా ఆ పాప. అడుగు నేర్పిచ్చినాం, అది తీసుకునింది, దాన్ని తన మాదిరి వేసింది. మధ్యలో ఆ ఆపడం మాకు రాదు. అది ఆ పాపదే," అన్నాడు. ఈసారి వచ్చినప్పుడు చెక్కలు చేతికిస్తానన్నాడు. నిత్య పంపిన కార్యక్రమ పత్రాన్ని తెరమీద చూపించి, అందులో అడుగులు నేర్పిన గురువుగా ఆయన పేరు, కింద పదమూడు మంది పేర్లు అచ్చయ్యాయని చెబితే, ఆ కాగితం నాకు కావాలని ప్రతివాడూ ఫోటో తీసుకున్నాడు.

ఆ తర్వాత నెలకు ఆ కమిటీ నుంచి నాకే ఒక ఈమెయిల్ వచ్చింది. నిత్య ఉత్తరం ద్వారా నా పని గురించి తెలిసిందట. వచ్చే ఏడాది ఉత్సవానికి వియత్నాం కుటుంబంలో పుట్టిన ఒక అమ్మాయి రాస్తోందని, ఆమె పంపిన చిత్తుప్రతిలో ఆమె నేపథ్యం అంతగా వినిపించడం లేదని, ఆ పిల్లనగ్రోవి మాదిరి ఏదైనా నేను సూచించగలనా అని అడిగారు. ఎంతో గౌరవంగా అడిగారు.

నా కంప్యూటరులో వియత్నాం ఫోల్డరు ఉంది. ఒక హోటలు కోసం కొన్నది. తెరిచాను. పన్నెండు రకాల ధ్వనులు, అన్నీ బాగుంటాయి. పంతొమ్మిదేళ్ళ అలవాటు చెప్పకుండానే చెయ్యిని అటు తీసుకుపోతుంది. ధ్వనిని శుభ్రం చేయడం, కలపడం, పెంచడం, తగ్గించడం నా పని. ఎవరి గొంతు ఎలా ఉంటే అది వాళ్ళదని వినేవాళ్ళు నమ్ముతారో తేల్చడం కూడా నా పనే అనుకుంటూ బతికాను. అది కాదని నాకు తెలిసింది ఒక పిల్లకు పెద్ద హాలు పోయాకనే. అందుకు ఇప్పటికీ నాకు బాధగా ఉంది.

ఫోల్డరు మూసి జవాబు రాశాను. నా దగ్గర ధ్వనులు ఉన్నాయి, ఆ అమ్మాయి స్వయంగా ఫోన్ చేసి తనకు ఫలానాది కావాలని అడిగితే అప్పుడే పంపిస్తాను అని రాసి, నా నంబరు ఇచ్చాను.

ఏడాది దాటింది. ఆ అమ్మాయి ఫోన్ చేయలేదు.